దొంగజేబు మాస్టారు

మన భాషలో ఒక తమాషా ఉంది. దొంగ కంట పడకుండా కుట్టించుకునే జేబుకి మనం పెట్టుకున్న పేరు దొంగజేబు. దాచుకునేవాడు దొర, దోచుకునేవాడు దొంగ, పేరు మాత్రం దొంగదే. అలాంటి జేబులు కుట్టీ కుట్టీ ఆ దర్జీకి చివరికి ఆ పేరే మిగిలింది. బస్టాండు వెనక సందులోకి వెళ్ళి దొంగజేబు మాస్టారు ఎక్కడ అని అడిగితే మెట్ల కింద ఉన్న కొట్టు చూపిస్తారు. అసలు పేరు ఆయన గుర్తింపు కార్డులో ఉండే ఉంటుంది, నేనెప్పుడూ చూడలేదు.

కొట్టులో రెండు మిషన్లు. వీధివైపుది ఆయనది, గోడవైపుది చెల్లెలిది. కత్తిరింపు, జేబులు ఆయన పని. కాజాలు, గుండీలు, అంచులు ఆమె పని. తల్లి పోయేనాటికి ఆ పిల్లకి ఎనిమిదేళ్ళు, ఈయనకి పదహారు. సూదిలో దారం ఎక్కించడం నేర్పిందీ, జడ వెయ్యడం రాక గుండు చేయించిందీ, చివరికి ఒక బస్సు డ్రైవరుకిచ్చి పెళ్ళి చేసిందీ ఆయనే. పెళ్ళయిన మూడో రోజునే ఆమె ఎప్పటిలా పనికొచ్చి గోడవైపు మిషన్ ముందు కూర్చుంది. మళ్ళీ లేవలేదు. ఆయనకి చెల్లెలన్నా కూతురన్నా ఆ మనిషే.

ఇక ఆయన కోపం సంగతి. కొందరికి ముక్కు మీద ఉంటుందంటారు, ఈయనకి పిడికిట్లో ఉండేది. కుర్రతనంలో కిక్కిరిసిన బస్సులో ఎవడో బ్లేడుతో జేబు కోశాడు. అందులో ఉన్నది తల్లికి డాక్టరు రాసిచ్చిన చీటీ. ఈయన వెనక్కి తిరిగి చేతికందినవాణ్ణి పట్టుకుని, ముందు పళ్ళు రెండు రాలగొట్టి, కింద పడేసి తొక్కాడు. తీరా చూస్తే వాడు కూరగాయల బుట్టతో సంతకి వెళుతున్న మనిషి. దొంగ ఎప్పుడో దిగిపోయాడు. ఆ రక్తం చూశాక ఈయన మనుషుల్ని కొట్టడం మానేసి జేబులు కుట్టడం మొదలుపెట్టాడు. అలాగని కోపం ఎక్కడికీ పోలేదు, అదంతా దారంలోకి దిగింది.

విదేశాలు చూసి రావడానికి వెళ్ళేవాళ్ళు పెరిగాక ఆయన కొట్టుకి గిరాకీ పెరిగింది. చొక్కా లోపలి జేబులు, నడుముకి కట్టుకునే సంచులు, అడ్డంగా వేసుకునే బ్యాగులు. జేబుతో పాటు పాఠం కూడా చెప్పేవాడు, వినకపోతే జేబు ఇచ్చేవాడు కాదు. "పాస్‌పోర్టు ఒంటి మీద, నకలు పెట్టెలో, ఇంకో నకలు ఇంట్లో. అన్నీ ఒకేచోట పెట్టారంటే ఒకే దొంగకి అన్నీ ఇచ్చినట్టే. గది తలుపు ఎవరు కొట్టినా కింద కౌంటరుకి ఫోను చెయ్యకుండా తియ్యొద్దు." అన్నిటికంటే పెద్ద పాఠం చివర్న చెప్పేవాడు. "ఎక్కడ గలాటా జరిగినా, ఎవరు కేక పెట్టినా, ముందు చెయ్యి జేబు మీద పడాలి. తల తర్వాత తిప్పాలి. చెయ్యి ముందు, తల తర్వాత."

ఊరికే చెప్పి వదిలే మనిషి కాదు. గుడ్డ కత్తిరిస్తూ కత్తిరిస్తూ ఉన్నట్టుండి "దొంగ" అని అరిచేవాడు. ఎదురుగా ఉన్న పెద్దమనిషి చెయ్యి పొట్ట మీదికి వెళ్ళడం ఆలస్యమైతే చెక్క స్కేలుతో మోచేతి మీద ఒక్కటి పడేది. గట్టిగానే పడేది. మేనేజర్లూ హెడ్మాస్టర్లూ కూడా తిన్నారు. గోడవైపు నుంచి చెల్లెలు నవ్వేది.

"గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది అన్నయ్యా నీ పాఠం. చెయ్యి అక్కడ పెడితే సరుకు అక్కడుందని వాడికి చెప్పినట్టు కాదూ?"

"నువ్వు గుండీలు కుట్టవే చిట్టీ," అనేవాడు.

డ్రైవరు బావ రిటైరయ్యాడు. ముప్ఫై ఏళ్ళు జనాన్ని ఊళ్ళు తిప్పాను, నన్నెవరైనా తిప్పితే బాగుండు అని ఆయన కోరిక. ఎనిమిదిమంది కలిసి వెళ్ళే టూరులో మూడు సీట్లు చెప్పేసి వచ్చి, "నువ్వూ వస్తున్నావు బావా, అడ్డు చెప్పకు. నువ్వు రాకపోతే మీ చెల్లెలు కదలదు," అన్నాడు. మాస్టారు అప్పటిదాకా దేశం దాటలేదు. దాటినవాళ్ళకి పాఠాలు మాత్రం ఇరవయ్యేళ్ళుగా చెబుతున్నాడు.

ఆ నెల రోజులూ ఆయన మిషన్ ఆగలేదు. ఎనిమిదిమందికీ నడుము సంచులు కుట్టాడు. చెల్లెలికి మాత్రం వాటన్నిటినీ తలదన్నే, మెడలోంచి అడ్డంగా వేసుకునే బ్యాగు ఒకటి. పట్టీ మందపాటి గుడ్డ, బ్లేడు పెట్టినా తెగకుండా లోపల సైకిల్ బ్రేకు తీగ. పట్టీ కొసలు బ్యాగుకి కలిసేచోట చేపల వల దారంతో ఏడేసి చుట్లు, ఒక కొసన మాత్రం ఆ ఏడు చుట్లనూ బిగించే ఒక్క ముడి. ముడి మీద గోరంత గుడ్డముక్క మూసి కుట్టేశాడు. దానికి ఆయన పెట్టుకున్న పేరు తాళం కుట్టు. ఆ ముడి తెగితే పట్టీ చేతికి ఊడొస్తుంది. ముడి ఎక్కడుందో తెలియకపోతే ఇద్దరు మగాళ్ళు చెరోవైపు నుంచి లాగినా రాదు. ఎక్కడుందో పక్కన కూర్చుని పనిచేసే చెల్లెలికి కూడా ఆయన చెప్పలేదు.

మొదటి రోజు ఉదయం హోటలు వరండాలో గైడు అందరినీ నిలబెట్టింది. మన మాట వచ్చిన అమ్మాయి, మర్యాదగా చెప్పింది. "ఇక్కడ స్కూటర్ల మీద వచ్చి బ్యాగులు లాక్కుపోతారండీ. బ్యాగు గోడవైపు వేసుకోండి, రోడ్డువైపు వద్దు. పొరపాటున ఎవరైనా లాగితే వదిలెయ్యండి. వస్తువు పోతే మళ్ళీ తెచ్చుకోవచ్చు."

మాస్టారికి ఒళ్ళు మండింది. "వదిలెయ్యడానికేనా అమ్మా కుట్టింది? మా చెల్లెలి బ్యాగు లాగినవాడి చెయ్యి ఊడాలి గానీ బ్యాగు ఊడదు," అన్నాడు. జనం నవ్వారు. ఎనిమిదిమందీ ఆ నవ్వుతోనే పొట్టలు తడుముకున్నారు.

మూడో రోజు, ఎండ నడినెత్తికి వస్తున్న వేళ, కొట్ల షట్టర్లు సగం మూసి ఉన్న ఒక ఇరుకు వీధిలో నడుస్తున్నారు. చెల్లెలు ఒక గాజు అలమరలో కుట్టుమిషన్ బొమ్మ చూసి ఆగింది. అన్నకి చూపిద్దామని ఇటు తిరిగేసరికి బ్యాగు రోడ్డువైపుకి జరిగింది. స్కూటరు వెనక నుంచి వచ్చింది. వెనక కూర్చున్నవాడు వంగి పట్టీ అందుకుని, జారకుండా మణికట్టుకి ఒక చుట్టు వేసుకున్నాడు. ముందువాడు వేగం పెంచాడు.

మామూలు పట్టీ అయితే ఆ ఊపుకి తెగిపోయేది. వాళ్ళు వెళ్ళిపోయేవాళ్ళు, ఆమె కాసేపు ఏడ్చి ఊరుకునేది. ఇది మాస్టారి పట్టీ. ఆమె కాళ్ళు నేల మీద నుంచి లేచాయి, భుజం రాళ్ళకి తగిలి చప్పుడైంది, మనిషి పక్కకి పడింది, స్కూటరు ఆమెని ఈడ్చుకుపోయింది. చీర చిరిగి మోకాళ్ళు రాళ్ళ మీద ఎర్రగా గీత గీస్తున్నాయి. ఆమె దొంగ అని అరవలేదు, "అన్నయ్యా" అని అరిచింది. తల ఇటు తిప్పి అరిచింది.

దొంగ అని అరిచింది గుంపులో ఎవరో. ఆ మాట వినగానే ఎనిమిదిమందిలో మిగిలిన ఏడుగురి చేతులూ పొట్టల మీద పడ్డాయి. తల తర్వాత. నేర్పిన పాఠం ఒక్కరు కూడా తప్పలేదు. బావ రెండు చేతులూ పొట్టకి అదుముకుని నోరు తెరిచి నిలబడ్డాడు. మాస్టారు కూడా నిలబడ్డాడు. ఆయన కుడిచెయ్యి నడుము సంచి మీద గట్టిగా బిగుసుకుని ఉంది, అది అక్కడికి ఎప్పుడు వెళ్ళిందో ఆయనకి తెలియదు. స్కూటరు చెల్లెల్ని ఈడ్చుకుపోతున్నంతసేపూ ఆమె కళ్ళు ఆయన మీదే ఉన్నాయి. అలా ఎంతసేపు నిలబడ్డాడని అడిగితే, ఒక గుండీ కుట్టేంతసేపు అంటాడు. అంతకంటే తక్కువే అయ్యుండాలి, కానీ ఆయన లెక్క అది.

అప్పుడు పరుగెత్తాడు.

మూలమలుపు దగ్గర స్కూటరు అదుపు తప్పి షట్టరుకి కొట్టుకుని పడింది. నడిపేవాడు లేచి వెనక్కి చూడకుండా పారిపోయాడు. వెనకవాడి కాలు స్కూటరు కింద ఇరుక్కుంది. పట్టీ వెనక చక్రంలో చుట్టుకుపోయింది. ఒక పక్క దాని కొస దొంగ మణికట్టుకి, ఇంకో పక్క చెల్లెలి మెడకి. ముగ్గురూ ఒకే తాడుకి కట్టేసినట్టు పడి ఉన్నారు, మూడోది ఆ స్కూటరు.

మాస్టారు ఇవేవీ చూడలేదు. నలభై ఏళ్ళుగా దారంలో దాచుకున్న కోపమంతా ఒక్కసారి పిడికిట్లోకి తిరిగొచ్చింది. దొంగ మొహం మీద గుద్దాడు. ముక్కు విరిగింది. మళ్ళీ గుద్దాడు. పెదవి చీలి పన్ను ఆయన వేలి కణుపులో దిగింది. వాడు నడుములోంచి ఎడంచేత్తో కత్తి తీసి ఈయన ముంజేతి మీద గీసేశాడు. రక్తం జివ్వున వచ్చింది, ఆయనకి తెలియను కూడా తెలియలేదు. జుట్టు పట్టుకుని వాడి తల రాళ్ళకేసి కొడుతున్నాడు. "చంపేస్తాను రా నిన్ను, చంపేస్తాను," అంటున్నాడు, అరుపు కాదు, గొణుగుడు. వాడు తన్నుకుంటున్నాడు. తన్నుకున్నప్పుడల్లా స్కూటరు కదిలి చక్రం కాస్త తిరుగుతోంది, తిరిగినప్పుడల్లా పట్టీ కాస్త బిగుస్తోంది.

పక్క నుంచి ఒక చప్పుడు వినిపించింది. మిషన్‌లో దారం చిక్కుకుని సూది లోపల కొట్టుకుంటున్నప్పుడు వచ్చే చప్పుడు అది. తల తిప్పి చూస్తే చెల్లెలు. పట్టీ మెడలోకి దిగిపోయి అంచు కనబడటం లేదు. మొహం నల్లబడింది, నాలుక బయటికొచ్చింది, వేళ్ళు పట్టీ కింద దూర్చాలని గోళ్ళతో సొంత మెడనే రక్కుకుంటోంది. తను వేసిన ప్రతి దెబ్బా ఎక్కడ పడుతోందో ఆయనకి అప్పుడు అర్థమైంది.

చెయ్యి ఆగిపోయింది. చక్రం వెనక్కి తిప్పబోయాడు, తిరగలేదు. స్కూటరు ఎత్తబోయాడు, ఎత్తితే ఇంకా బిగిసింది. దొంగకీ పరిస్థితి తెలిసింది. వాడు తన చెయ్యి విడిపించుకోవడానికి పట్టీని కత్తితో కోస్తున్నాడు. గుడ్డ తెగింది, కత్తి తీగ మీద కిర్రుమని జారింది. మళ్ళీ కోశాడు, మళ్ళీ జారింది. వాడి కత్తి మంచిదే. కుట్టు అంతకంటే మంచిది.

ముడి ఉన్న కొస బ్యాగుతో పాటు దొంగ మణికట్టు కింద చక్రానికీ దాని మీది మడ్‌గార్డు రేకుకీ మధ్య నొక్కుకుపోయింది. మాస్టారి లావుపాటి వేళ్ళు అక్కడికి దూరవు. కత్తి మొన దూరుతుంది. కత్తి వాడి చేతిలో ఉంది, వాడు దాన్ని ఈయనకి ఇవ్వడు. ఇప్పటిదాకా తలకాయ రాళ్ళకేసి కొట్టినవాడికి ఎవడు మాత్రం ఇస్తాడు?

మాస్టారు మోకాళ్ళ మీద కూర్చుని వాడికి రెండు చేతులూ జోడించాడు. "నాయనా, నిన్ను కొట్టను. అటు చూడు, ఆ గుడ్డముక్క కింద ముడి ఉంది. అక్కడ పొడువు. అక్కడొక్కచోట పొడిస్తే చాలు నాయనా," అన్నాడు. వాడికి ఒక్క ముక్క అర్థం కాలేదు. రక్తం నిండిన కళ్ళతో బెదిరి చూస్తున్నాడు. ఈయన చూపుడువేలు చక్రం సందులో బలవంతంగా దూర్చాడు. గోరు లేచిపోయింది. ఆ వేలితోనే గోరంత గుడ్డముక్కని తాకి చూపించాడు. దొంగ చేతికి తాళం చెవి ఇచ్చినట్టు అంటారు చూడండి, అది సామెత అనుకుంటాం. ఈయన ఇచ్చాడు.

వాడు చూశాడు. కత్తి మొన ఆయన వేలి పక్కగా దించి, వేలితో పాటే పొడిచాడు. ముడి తెగింది. ఏడు చుట్లూ టపటపమని ఊడిపోయాయి, పట్టీ వదులైంది. చెల్లెలి గొంతులోకి గాలి వెళ్ళిన చప్పుడు ఆ వీధి చివరిదాకా వినిపించింది. దొంగ కాలు పీక్కుని, గోడ పట్టుకుని, మొహం చేత్తో మూసుకుని కుంటుకుంటూ పోయాడు. బ్యాగు అక్కడే వదిలేశాడు.

ఆసుపత్రి వరండాలో బావ బల్ల మీద కూర్చుని ఏడుస్తున్నాడు. మాస్టారి ముంజేతికి పదకొండు కుట్లు పడ్డాయి, నేరుగా లేవు ఆ కుట్లు, ఇంకోనాడైతే డాక్టరుకి పాఠం చెప్పేవాడు. టూరులో వచ్చిన ఒక పెద్దమనిషి బ్యాగు తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టాడు.

"అన్నీ భద్రంగా ఉన్నాయి మాస్టారూ. మీ ముగ్గురి పాస్‌పోర్టులు, కళ్ళజోడు, మందులు, ఏదీ పోలేదు. ఏం కుట్టు అండీ మీది," అన్నాడు మెచ్చుకోలుగా.

మాస్టారు లేచి ఆ మనిషి మెడ పట్టుకుని గోడకి అదిమాడు. అదిమి అలాగే పట్టుకున్నాడు. ఇద్దరు నర్సులూ బావా కలిసి విడిపించారు. కట్టిన గుడ్డంతా మళ్ళీ ఎర్రబడింది.

లోపల నుంచి గైడు వచ్చింది. "భుజం కీలు ఊడిపోయిందండీ. ఇప్పుడే ఎక్కించకపోతే చెయ్యి పనికిరాదంటున్నారు. గొంతు వాచిపోయింది కాబట్టి మత్తు ఇవ్వడానికి భయపడుతున్నారు. మెలకువగా ఉండగానే లాగుతారట. తల కదలకుండా ఒకరు పట్టుకోవాలి." బావ లేచి రెండడుగులు వేసి వాంతి చేసుకున్నాడు. మాస్టారు లోపలికి వెళ్ళాడు.

చెల్లెలు తెల్లటి దీపం కింద వెల్లకిలా పడుకుని ఉంది. మెడ చుట్టూ పట్టీ వెడల్పున ఊదారంగు గీత. ఆయన తల దగ్గర నిలబడి, "నేనే చిట్టీ," అన్నాడు.

ఆమె గొంతు పోయింది. పెదవుల దగ్గర చెవి పెడితే గానీ వినపడలేదు.

"నేను వెనక్కి చూశాను అన్నయ్యా."

"తెలుసు."

"నీ చెయ్యి పొట్ట మీదుంది."

ఆయన ఏమైనా చెప్పొచ్చు. భయం అనొచ్చు, అలవాటు అనొచ్చు, తర్వాత పరుగెత్తుకొచ్చాను కదా అనొచ్చు. "ఉంది," అన్నాడు.

"ఏముంది అందులో?"

"గది తాళం."

ఆమె కళ్ళు మూసుకుంది. నర్సు పళ్ళ మధ్య పెట్టుకోమని గుడ్డ చుట్టి తెచ్చింది. ఆమె దాన్ని నాలుకతో తోసేసింది. రెండోసారి పెడితే రెండోసారీ తోసేసింది. డాక్టరు అప్పటికే ఆమె చంకకి తన మడమ ఆనించి చెయ్యి పట్టుకున్నాడు. మాస్టారు ఎడంచేత్తో ఆమె నుదురు అదిమి, కుడిచెయ్యి, వేలికి గోరు లేని ఆ చెయ్యి, ఆమె నోటి దగ్గర పెట్టాడు.

డాక్టరు లాగాడు. కీలు ఎక్కలేదు. ఆమె కొరికింది. బొటనవేలి మొదట్లో పళ్ళు చర్మం దాటి, కండ దాటి లోపలికి వెళ్ళాయి. ఇంకోసారి లాగాడు. ఆమె ఒళ్ళంతా విల్లులా లేచింది, దవడ ఇంకా బిగిసింది. ఆమె బుగ్గ మీదుగా రక్తం దిండులోకి కారుతోంది, అది ఆమెది కాదు. "చెయ్యి తీసెయ్యండి సార్, ఎముక దాకా పోయింది," అని గైడు అంటోంది. ఆయన కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, చెయ్యి మాత్రం కదల్లేదు. మూడోసారికి టక్కుమని భుజం కూర్చుంది.

నొప్పి తగ్గాక కూడా ఆమె పళ్ళు వదల్లేదు. కళ్ళు తెరిచి, ఆయన్నే చూస్తూ, అలాగే పట్టుకుంది. నర్సుకి మన మాట రాదు కదా, దూది పట్టుకొచ్చి ఆయన చెయ్యి మెల్లగా బయటికి తీయబోయింది. ఆయన రెండో చేత్తో నర్సుని ఆపాడు.

"వద్దమ్మా, ఉండనియ్యి," అన్నాడు.